ఊరుమ్మడి గోబర్ గ్యాసు

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈపాటికి మీలో చాలామంది వంటపని ముగించుకుని, వంటింటి గట్టు తుడిచి, కాస్త నడుము వాల్చే వేళయి ఉంటుంది. ఒక్క చిన్న ప్రశ్న అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ పొద్దున్న కాఫీకి పొయ్యి వెలిగించడానికి మీకెంతసేపు పట్టింది? మరలా తిప్పారు, లైటరు నొక్కారు, అంతే కదూ! నాకూ అంతే. కాని నా చిన్నతనంలో మా అమ్మకు అదే పని అరగంట పట్టేది. వానాకాలమైతే మరీను. తడిసిన పుల్లలు, ఊదుగొట్టం, కళ్ళనిండా నీళ్ళు. కాఫీ అయ్యేసరికి మా మామ్మ రెండుసార్లు కేకేసేది.

మొన్న పుట్టింటికి వెళ్ళాను. మాది గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు. పెరట్లో నడుస్తుంటే కాలికి ఏదో తగిలింది. చూద్దును కదా, తుప్పు పట్టిపోయిన పెద్ద ఇనుప డ్రమ్ము అంచు! మా వదిన నవ్వి, "అది మీ నాన్నగారి గోబర్ గ్యాసు వదినా, పాత సామాన్లవాడు కూడా పట్టుకుపోనంటున్నాడు" అంది. ఆ డ్రమ్ము చూశాక వచ్చిన ఆలోచనలే ఈవేళ మీతో చెప్పాలని కూర్చున్నాను.

గోబర్ గ్యాసు అనగానే మనలో కొందరు ముక్కు చిట్లిస్తారు. పేడ గ్యాసుతో వండిన అన్నం వాసన రాదూ అని నన్నడిగిన వారున్నారు. రాదండీ. అందులో పెద్ద రహస్యం కూడా ఏమీ లేదు. పేడా నీళ్ళూ సమపాళ్ళలో కలిపి, గాలి చొరబడని గోతిలోకి పంపిస్తారు. లోపల కంటికి కనపడని సూక్ష్మజీవులు ఆ పేడను పులియబెడతాయి, మనం ఇడ్లీపిండి పులియబెట్టినట్టే. అప్పుడు పుట్టే గ్యాసులో సగానికి పైగా మీథేను. అది నీలంమంటతో మండుతుంది. పొగ రాదు, గిన్నె మసిబారదు. గ్యాసు పోగా మిగిలిన చిక్కటి మడ్డి పొలానికి మంచి ఎరువు. పిడక చేసి కాలిస్తే ఎరువు బూడిదైపోతుంది. ఇందులో మంటా దక్కుతుంది, ఎరువూ దక్కుతుంది.

మన దేశంలో జశ్‌భాయ్ పటేల్ గారు 1950లలో, గ్యాసు నిండేకొద్దీ పైకి లేచే ఇనుప డ్రమ్ముతో ఇటువంటి ప్లాంటు తయారు చేశారు. తర్వాత ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారు దాన్ని పల్లెపల్లెకూ తీసుకెళ్ళారు. 1981-82లో కేంద్ర ప్రభుత్వం జాతీయ పథకం పెట్టి సబ్సిడీ కూడా ఇచ్చింది. అలా వచ్చిందే మా పెరట్లోని డ్రమ్ము.

అది కట్టించిననాటికి నేను అయిదో తరగతి. మా ఇంట్లో గేదెలూ ఎడ్లూ కలిపి ఆరు. పొద్దున్నే పేడలో గడ్డిపరకలు ఏరి, నీళ్ళు పోసి కలపడం నా వంతు, మా తమ్ముడి వంతు. మొదట అసహ్యించుకున్నాం గాని డ్రమ్ము పైకి లేస్తుంటే భలే సరదాగా ఉండేది. ఆ నీలంమంట వెలిగిన మొదటిరోజున మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేస్తే ఒట్టు! పాలు కాచింది, కాఫీ పెట్టింది, మళ్ళీ కాఫీ పెట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు.

ఇక్కడే ఇంకొక సంగతి జరిగింది. మా పశువులశాల శుభ్రం చేయడానికి ఒకావిడ వచ్చేది. శాల తుడిచినందుకు జీతమేమీ పెద్దగా ఉండేది కాదు. కల్లాపికీ, అలకడానికీ, దాలిలోకి పిడకలకీ మాకు కావలసినంత ఉంచి, మిగిలిన పేడ గంపకెత్తుకుని పోయేది. పిడకలు కొట్టుకుని సగం తాను వాడుకునేది, సగం అమ్ముకునేది. ఆమెకు గొడ్డూ లేదు, గోదా లేదు. మా ప్లాంటు మొదలైన మర్నాడు ఆమె ఖాళీ గంపతో నిలబడి, "అమ్మగారండీ, రేపట్నుంచి నేను దేంతో వండుకోనండీ?" అంది.

మా అమ్మ ఏమీ మాట్లాడలేదు. నాన్నగారు పొలం వెళ్ళాక రోజూ ఒక అరగంప పేడ ఆమెకు ఎత్తించి పంపేది. పది రోజులయ్యాక నాన్నగారు డ్రమ్ము చూసి, "గ్యాసు తగ్గుతోందేమిటి?" అన్నారు. అమ్మ దొరికిపోయింది. ఆ తర్వాత ఆమె మా ఇంటికి రావడం మానేసింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. గ్యాసు వచ్చింది కదా అని గంతులు వేశాను. మా ఇంట్లో పొగ పోయిందంటే ఆ పొగ ఆమె గుడిసెలో ఇంకాస్త పెరిగిందన్నమాట అని మొన్న ఆ డ్రమ్ము చూసేదాకా తట్టలేదు.

కొంచెం లెక్క చూద్దాం. ఒక ఘనపు మీటరు గ్యాసు రావాలంటే సుమారు 25 కిలోల పచ్చిపేడ కావాలి. ఒక ఆవో ఎద్దో రోజుకు పది కిలోల పేడ వేస్తుందనుకోండి. రెండు ఘనపు మీటర్ల చిన్న ప్లాంటు పెట్టుకోవాలన్నా నాలుగైదు పశువులుండాలి. స్థలం ఉండాలి, చేతిలో డబ్బు ఉండాలి, నీళ్ళు దగ్గర్లో ఉండాలి. ఇవన్నీ ఎవరికుంటాయి? మా నాన్నగారివంటి రైతులకు. మరి ఒక్క మేకపిల్లతో బతుకు వెళ్ళదీసే ఇల్లాలి సంగతేమిటి?

అందుకనే ఊరందరికీ కలిపి ఒకటే పెద్ద ప్లాంటు పెడితే ఎలా ఉంటుందని పెద్దలు ఆలోచించారు. ఊళ్ళో పేడంతా ఒకచోట చేరుతుంది, ఫలితం అందరికీ పంచవచ్చు. వినడానికి చక్కగా ఉంది. చేతల్లో ఏమైందో ఒక ఊరి కథ చెబుతాను.

కర్ణాటకలో తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలో పుర అని ఒక చిన్న ఊరుంది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రొఫెసర్ అమూల్య రెడ్డి గారి చొరవతో 1974లో 'అస్త్ర' అనే కేంద్రం మొదలైంది. పల్లెలకు పనికివచ్చే విజ్ఞానం కోసం ఏర్పడిన కేంద్రమది. వారు పుర గ్రామం వెళ్ళి ఇంటింటా లెక్కలు రాసుకున్నారు. 1977లో ఆ ఊళ్ళో 56 ఇళ్ళు, 357 మంది జనం. కట్టెపుల్లలు ఏరుకురావడానికే ఒక్కొక్క కుటుంబం సగటున రోజుకు రెండున్నర గంటలు ఖర్చు చేసి, దాదాపు అయిదు కిలోమీటర్లు నడుస్తోందని తేలింది. నీళ్ళ కోసం ఇంకా గంటన్నర. మనం ఇంట్లో చేసే చాకిరీని ఎవరూ లెక్కలోకి తీసుకోరని అనుకుంటాం కదా, పాపం వారు గడియారం పెట్టి మరీ లెక్క తీశారు.

1980ల మొదట్లో ఆ ఊళ్ళో ఉమ్మడి ప్లాంటు కట్టారు. ఇంటింటికీ వంటకు గ్యాసు ఇవ్వాలన్నది ఆలోచన. అది పారలేదు. ఉన్న పశువుల పేడతో ఊరందరికీ రెండుపూటలా వంటకు సరిపడా గ్యాసు రాలేదు. అదొక కారణం. రెండో కారణం వింటే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ ఊరి ఆడవాళ్ళకు అన్నిటికన్నా ముందు కావలసింది వంటగ్యాసు కాదు! కష్టపడితే పుల్లలు ఉత్తినే దొరుకుతున్నాయి. లేనిది మంచినీళ్ళు. చెరువునీళ్ళు మోసుకొచ్చి తాగేవారు. వానలు తగ్గితే అవీ బురదే, పిల్లలకు జబ్బులు.

ఆ శాస్త్రజ్ఞులను మెచ్చుకోవలసింది ఇక్కడే. మేం కట్టిందే మీకు మంచిదని పట్టుబట్టి కూర్చోలేదు. ఊరివాళ్ళతో కూర్చుని మాట్లాడి పథకాన్నే మార్చుకున్నారు. ఆ గ్యాసుతో, కొంచెం డీజిలు కలిపి, చిన్న ఇంజను నడిపారు. ఇంజనుతో కరెంటు తీశారు. ఆ కరెంటుతో బోరుబావి నీళ్ళు తోడి కుళాయిలకు వదిలారు, సాయంత్రంపూట ఇళ్ళలో ట్యూబులైట్లు వెలిగించారు. ఇది 1987 సంగతి. వంటకు చాలని గ్యాసు నీళ్ళకీ దీపాలకీ చాలింది.

ఇక పేడ విషయం. ఆడవాళ్ళూ పిల్లలూ పొద్దున్నే గంపలతో ప్లాంటు దగ్గరకు తెచ్చేవారు. తూకం వేసి పుస్తకంలో రాసుకుని, కిలోకు రెండు పైసల లెక్కన డబ్బిచ్చేవారు. గ్యాసు పోయిన మడ్డిని ఇసుక పరుపుల మీద వార్చి, ఎవరు తెచ్చిన పేడకు తగ్గట్టు వాళ్ళకు ఎరువు తిరిగి ఇచ్చేవారు. ప్లాంటు నడిపింది కూడా ఆ ఊరి కుర్రవాళ్ళే. పశువులున్నవారికి డబ్బూ ఎరువూ దక్కాయి. పశువుల్లేని ఇంటికి కూడా కుళాయి నీళ్ళు దక్కాయి. కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు 'నీకు ఎద్దులున్నాయా?' అని అడగవు కదా!

మామూలుగా అందరి సొత్తు ఎవరికీ పట్టదంటారు. అక్కడ వేరుగా జరిగింది. నాకెందుకులే అని పేడ ఇవ్వడం మానేస్తే ఇంజను ఆగుతుంది, ఇంజను ఆగితే తన ఇంట్లో దీపమే ఆరిపోతుంది. అందుచేత ఎవరి మంచికోసం వాళ్ళు తెచ్చినా ఊరికి మంచి జరిగింది.

అంతా పాలూ తేనె అని చెప్పను. ఆ ప్లాంటు కొన్నేళ్ళు చక్కగా నడిచింది. ఇప్పుడు నడవడం లేదు. ఇటువంటి ఉమ్మడి ప్లాంట్లు దేశంలో చాలాచోట్ల కట్టారు, చాలాచోట్ల మూలపడ్డాయి. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గితే పేడా తగ్గుతుంది. డ్రమ్ము తుప్పు పడితే రంగు వేయించేదెవరని తగువు. నెలనెలా డబ్బు వసూలు చేసేవాడు కఠినంగా ఉంటే శత్రువవుతాడు, మెత్తగా ఉంటే ప్లాంటు మూతపడుతుంది. ఇవి ఇంజనీరు వచ్చి బిగించగలిగే మరలు కావు. నలుగురు తోడికోడళ్ళు ఒక వంటింట్లో సర్దుకోవడం ఎంత కష్టమో మనకు తెలియదా! అలాగే ఇదీను. మా ఒక్క ఇంటి ప్లాంటే, అన్నదమ్ములు వేరుపడి పశువులు అమ్మేశాక ఏడాది తిరక్కుండా ఆగిపోయింది. ఇక ఊరు మాట చెప్పాలా?

మరి ఇంటింటికీ సిలిండర్లు వచ్చేశాయి, ఇంకా ఈ పేడ గొడవ ఎందుకంటారా? నిజమే, 2016లో ఉజ్జ్వల పథకం మొదలయ్యాక ఎన్నో పేద ఇళ్ళకు గ్యాసు పొయ్యి వచ్చింది. కాని మొన్న మా ఊళ్ళో చూశాను. కొన్ని ఇళ్ళలో సిలిండరు మీద గుడ్డ కప్పి, పక్కనే కట్టెలపొయ్యి మీద అన్నం వండుతున్నారు. అడిగితే, "చుట్టాలొస్తే వెలిగిస్తామండీ" అన్నారు. పొయ్యి ఇచ్చినంత తేలిక కాదు, నెలనెలా దాన్ని మండించడం. ఊళ్ళో ఉన్నదానితోనే మంటా వెలుగూ పుట్టించుకోవడం అనే ఆలోచనకు అందుకనే ఇంకా విలువ ఉంది. 2018లో కేంద్రం గోబర్‌ధన్ అనే పథకంతో మళ్ళీ ఈ దారి పట్టింది కూడా.

పట్నంలో ఉన్న మనకు పేడ లేదు గాని కూరగాయల తొక్కలున్నాయి. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు పది టన్నుల దాకా కుళ్ళిన కూరలతో గ్యాసు తీసి, సుమారు 500 యూనిట్ల కరెంటు పుట్టిస్తున్న సంగతి 2021లో పత్రికల్లో చదివే ఉంటారు. ఇక్కడి శాస్త్రజ్ఞులే ఆ పద్ధతి రూపొందించారు. తడిచెత్తలో ప్లాస్టిక్ కవరు కలిస్తే ఆ గోతికి అరగదు. కనుక తడీ పొడీ వేరుచేసి ఇచ్చే పని మన చేతిలో ఉంది. అంతటితో మన బాధ్యత తీరిందని మాత్రం నేననను.

మీలో చాలామందికి ఇంకా పల్లెల్లో పుట్టిళ్ళూ అత్తిళ్ళూ ఉన్నాయి. మీ అన్నగారో మరిదిగారో పంచాయతీలో ఉండవచ్చు. రేపు ఆ ఊరికి ఏదైనా కొత్త పథకం వస్తుందనుకోండి, గ్యాసే కానివ్వండి, సోలారే కానివ్వండి. రెండు ప్రశ్నలు వేయమని వాళ్ళకు చెప్పండి. ఒకటి, ఊళ్ళో ఆడవాళ్ళను పిలిచి మీకు ముందుగా ఏది కావాలని అడిగారా? రెండు, దీనివల్ల ఇప్పటిదాకా ఉత్తినే దొరికేది ఎవరికైనా దొరక్కుండా పోతుందా? పోతే వాళ్ళకేమిస్తారు?

పుర గ్రామంలో మొదటి ప్రశ్న ఆలస్యంగానైనా అడిగారు, కుళాయిలు వచ్చాయి. మా పెరట్లో రెండో ప్రశ్నను ఖాళీ గంపతో వచ్చి ఆమే అడిగింది. జవాబు చెప్పినవాళ్ళు లేరు. ఆమె ఇప్పుడు లేదని మా వదిన చెప్పింది. కూతురు ఆ ఊళ్ళోనే ఉందట. వచ్చే నెల వెళ్ళినప్పుడు ఆ అమ్మాయిని చూసి రావాలనుకుంటున్నాను. ఏం మాట్లాడతానో నాకే తెలియదు గాని, వెళ్ళి కూర్చోవాలని మాత్రం ఉంది.