రావు గారి పేరు ఎక్కడెక్కడ వినిపిస్తుంది?

ఒకరి పరిశోధన వ్యాసాన్ని మరొకరు తమ వ్యాసంలో పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. అవి ఎన్నో అందరూ లెక్కపెడతారు. ఏయే రంగాల నుంచి వచ్చాయో కూడా చూడాలి. మన తెలుగువారు సి.ఆర్. రావు గారి సంగతే తీసుకోండి.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తా వెళ్లి సంఖ్యాశాస్త్రంలో స్థిరపడ్డారు. ఒకరోజు క్లాసులో పాఠం చెబుతుంటే దాండేకర్ అనే విద్యార్థి ఓ ప్రశ్న వేశాడు. పెద్ద నమూనాలకు రుజువైన ఫలితం చిన్న నమూనాలకూ వర్తిస్తుందా అని. రావు గారు ఆ రాత్రే కూర్చుని జవాబు తేల్చారు! 1945లో అది కలకత్తాలోనే ఒక గణిత పత్రికలో అచ్చయింది.

ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు అది. క్రామర్–రావు హద్దు అంటారు. రాడార్ ఇంజినీర్లకు అది నిత్యం కావాలి. ఆయనదే ఒక సంఖ్యాశాస్త్ర పరీక్షను ఆర్థికశాస్త్రంలో వాడుతున్నారు. ఇంకో కొలమానంతో అడవిలోని జీవవైవిధ్యాన్ని కొలుస్తున్నారు. ఒక్క మనిషి, ఎన్ని రంగాలో చూడండి!

ఇంకో మాట. పేరే పద్ధతిగా స్థిరపడ్డాక అసలు వ్యాసాన్ని పేర్కొనడం చాలామంది మానేస్తారు. అందుకే సైటేషన్ల లెక్క ఆయన విషయంలో తక్కువే చూపిస్తుంది. మళ్లీ చెబుతున్నాను, తక్కువే.

ఆ 1945 నాటి వ్యాసాన్ని తలుచుకుంటూ 2023లో ఆయనకు సంఖ్యాశాస్త్ర అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు నూరు దాటింది.