శ్రద్ధ, సమ్మతి, రాత



ఎవరి స్మృతిలో ఇక్కడ కలుసుకున్నామో ఆ గురువుగారికి పొగడ్తలు గిట్టేవి కావు. అందుకే ఆయన గుణగణాలు ఏకరువు పెట్టకుండా, ఆయన శిష్యులందరినీ ఇప్పుడు కలవరపెడుతున్న విషయమే ఎత్తుకుంటున్నాను. నలుగురు డాక్టర్లు కలిస్తే మాట జబ్బుల మీద నుంచి కేసుల మీదికి పోతోంది. చట్టం మన మీద పగబట్టిందని చాలామంది నమ్ముతున్నారు. తీర్పుల చరిత్ర వరసగా చదివితే ఆ నమ్మకం నిలవదు.

మొదటి ముఖ్యమైన కేసు 1953 నాటిది. నేటి మహారాష్ట్రలో ఇరవై ఏళ్ల కుర్రవాడికి తొడ ఎముక విరిగితే పుణె తీసుకెళ్లారు. సరిగా మత్తు ఇవ్వకుండా, మనుషుల చేత కాలు బలంగా లాగించి కట్టు కట్టారని అభియోగం. కుర్రవాడు చనిపోయాడు. 1968లో సుప్రీంకోర్టు వైద్యుడి బాధ్యతలు మూడుగా చెప్పింది: కేసు తీసుకోవాలా వద్దా, ఏ వైద్యం చేయాలి, దాన్ని ఎలా చేయాలి. ఈ మూడింటిలోనూ తగినంత నేర్పు, శ్రద్ధ ఉండాలంది. రోగి బతికి తీరాలని మాత్రం అనలేదు. పరిహారం మూడు వేల రూపాయలు.

ఆ తర్వాత రెండు మలుపులు వచ్చాయి. మొదటిది 1989లో. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్న మనిషిని, మెడికో లీగల్ కేసులు ఇక్కడ తీసుకోబోమంటూ ఓ ఆసుపత్రి దూరంగా ఉన్న మరో ఆసుపత్రికి పంపింది. దారిలోనే ప్రాణం పోయింది. ప్రాణం నిలపడం ముందు, పోలీసు కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు తేల్చింది. రెండోది 1995లో. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వైద్య సేవలూ వస్తాయని కోర్టు చెప్పింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే చోట్లను మినహాయించింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూస్తే, ఆ ఉచిత రోగులకూ వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు ఉంటుందంది. వైద్యుడు వర్తకుడయ్యాడని అప్పట్లో మనవాళ్లు బాధపడ్డారు. రోగికి మాత్రం ఏళ్ల తరబడి సివిల్ కోర్టు చుట్టూ తిరగనక్కరలేని దారి దొరికింది.

వైద్యుణ్ణి కాపాడిన తీర్పూ ఉంది. లూధియానాలో ఊపిరాడని రోగికి తెచ్చిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా ఉంది. రోగి చనిపోయాడు. డాక్టర్ల మీద క్రిమినల్ కేసు పెట్టారు. 2005లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. పరిహారానికి మామూలు నిర్లక్ష్యం చాలు, జైలుకు ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలంది. స్వతంత్ర వైద్యాభిప్రాయం తీసుకోకుండా దర్యాప్తు అధికారి ముందుకు పోకూడదనీ, డాక్టర్లను ఆనవాయితీగా అరెస్టు చేయకూడదనీ చెప్పింది.

నా దృష్టిలో అన్నిటికన్నా పాఠం నేర్పింది 2008 నాటి తీర్పు. పరీక్ష కోసం లాపరోస్కోపీకి ఒప్పుకున్న స్త్రీ మత్తులో ఉండగా, బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. డాక్టరు ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆమె స్పృహలో లేకపోవడం తాత్కాలికం, ప్రాణానికి ముప్పు లేదు, ఆమె మేలుకునే దాకా ఆగవచ్చు అంది సుప్రీంకోర్టు. పెద్దల సంతకమే సమ్మతి అనుకునే మన కుటుంబాల అలవాటుకూ, మన ఆసుపత్రుల అలవాటుకూ ఇది గట్టి దెబ్బ.

2010 నాటి తీర్పు మన హైదరాబాద్‌ది. చలిజ్వరంతో చేరిన మహిళకు మలేరియా బదులు టైఫాయిడ్‌కు మందులిచ్చారు. ఆమె మరణించింది. భర్త మలేరియా శాఖలోనే ఉద్యోగి. ప్రతి వినియోగదారుల కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదంటూ సుప్రీంకోర్టు రెండు లక్షల పరిహారాన్ని పునరుద్ధరించింది.

చట్టం తేల్చలేక తడబడిన చోట్లూ ఉన్నాయి. 2004లో హైదరాబాద్‌లోనే, కండరాలు క్షీణించే జబ్బుతో వెంటిలేటర్ మీద ఉన్న యువ చదరంగం ఆటగాడు తన అవయవాలు పాడవకముందే దానం చేయాలని కోరాడు. తల్లి హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం అందుకు దారి ఇవ్వలేదు. ఆ మంచం పక్కన నిలబడ్డ వైద్యుడికి కరుణ ఒక దారి చూపితే చట్టం మరో దారి చూపింది. ఆ తర్వాత, కోలుకోలేని స్థితి వస్తే వైద్యం ఆపమని ముందే రాసిపెట్టుకునే హక్కును 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది. ఆ పద్ధతి మరీ చిక్కుగా ఉందని 2023లో సడలించింది.

భయానికి అసలు కారణాలు లేవనను. ప్రసవానంతర రక్తస్రావంతో బాలింత చనిపోతే, 2022లో రాజస్థాన్‌లో ఓ వైద్యురాలి మీద హత్య కేసు పెట్టారు. ఆమె ప్రాణం తీసుకుంది. వైద్యుల మీద దాడులను ఆపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే చట్టం చేసినా క్యాజువాల్టీలో భయం పోలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యపు మరణాలకు శిక్షను ఐదేళ్లకు పెంచి, డాక్టర్లకు రెండేళ్లకే పరిమితం చేసింది. అయితే పాత చట్టంలో జడ్జి జరిమానాతో సరిపెట్టే వీలుండేది. ఇప్పుడు జైలుతో పాటు జరిమానా కూడా. దీన్ని రాయితీ అనుకునేవారు మరోసారి చదవాలి.

భయంతో అనవసరపు పరీక్షలు రాయడం, కష్టమైన కేసును మరో ఊరికి తోసెయ్యడం రోగికి చేటు. కోర్టులో మనల్ని కాపాడేదీ అది కాదు, సరైన రాత. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం రికార్డులు మూడేళ్లు దాచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఎంతమంది పాటిస్తున్నాం?

విద్యార్థి మిత్రులకు నా మనవి ఇది. సమ్మతి పత్రం తెలుగులో రాయండి. ఆపరేషన్ బల్ల దగ్గర కాకుండా ముందురోజే, బంధువులకన్నా ముందు రోగికే చదివి వినిపించండి. చేసింది చేసినట్టు, చేసిన వేళకే కేస్ షీటులో రాయండి. తేడా వస్తే ఆ మాట ఇంటివాళ్లకు మీ నోటితోనే, ఆ రోజే చెప్పండి. ఇన్నేళ్ల తీర్పులు మన నుంచి అడిగింది ఇంతకు మించి పెద్దగా ఏమీ లేదు.