వేడికి నిలిచే లిగ్నిన్, వెలుతురుకు ఓడే లిగ్నిన్
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



గుమాస్తాగా ముప్పై అయిదేళ్లు కాగితంతోనే బతికాను. కాగితం చేసేటప్పుడు తీసేసే లిగ్నిన్ గురించి మాత్రం రిటైరయ్యాకే చదివాను. చెట్టులో పీచులను పట్టి ఉంచే జిగురు అది. కలపలో సుమారు నాలుగో వంతు ఉంటుంది.

క్రాఫ్ట్ పద్ధతిలో కలప ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన నీటిలో సుమారు 170 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉడికిస్తారు. పీచు మిగులుతుంది. లిగ్నిన్ కరిగి నల్లని ద్రవంగా దిగుతుంది. మిల్లులు దాన్ని చిక్కబరచి బాయిలర్లో మండించి ఆవిరి పుట్టిస్తాయి. రసాయనాలను తిరిగి రాబడతాయి.

గాలి తగలకుండా వేడిచేస్తే, కాగితపు పీచైన సెల్యులోజ్ 300-400 డిగ్రీల మధ్య దాదాపు అంతా వాయువులై పోతుంది. లిగ్నిన్ 200 దగ్గర మొదలై 500 దాటినా మెల్లగానే విడిపోతుంది. మూడో వంతుకు పైగా బొగ్గుగా మిగులుతుంది. బెంజీన్ వలయాల అల్లికే దాని బలం.

అంతటిదీ వెలుతురుకు ఓడిపోతుంది. న్యూస్‌ప్రింటులో లిగ్నిన్ చాలావరకు ఉండిపోతుంది. అందుకే అది పసుపెక్కుతుంది, ఆమ్లం విడుస్తుంది, పక్క కాగితానికీ మరక అంటిస్తుంది.

నా పెన్షన్ ఉత్తర్వును దినపత్రికలో చుట్టి కిటికీ పక్క గూట్లో పెట్టాను. పదేళ్లకు తీస్తే మడత దగ్గర గోధుమరంగు తిరిగి చిరిగింది. నంబరు చదవడానికి లేదు. "ఏమండీ, రేపు నాకు ఫ్యామిలీ పెన్షన్ ఎలా వస్తుంది?" అంది మా ఆవిడ. నకలు కోసం ఎనిమిది నెలలు తిరిగాను.

కాబట్టి ముఖ్యమైన కాగితాలను దినపత్రికలో చుట్టకండి. మంచి తెల్లకాగితం కవరులో, ఎండ తగలని చోట పెట్టండి. ఆ చోటు ఇంట్లో వారికి చెప్పండి. సెలవు.