షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది?



దివిసీమ ఉప్పెన మాట మీరంతా వినే ఉంటారు. అది 1977 నవంబరు 19, శనివారం. కృష్ణా జిల్లా తీరం మీద సముద్రం విరుచుకు పడింది. మూడు నిలువుల ఎత్తున నీళ్లు వచ్చాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకు పోయాయి. సర్కారు లెక్కలోనే సుమారు 10,000 మంది చనిపోయారు.

పన్నెండున్నర ఏళ్లు గడిచాయి. 1990 మే 9న అదే తీరానికి మరో పెద్ద తుపాను వచ్చింది. గాలి బలం తక్కువేమీ కాదు. కానీ ఈసారి చనిపోయినవారు వెయ్యికి లోపే. ఆ వెయ్యి ప్రాణాలూ ప్రాణాలే. అయినా ఇంత తేడా ఎలా వచ్చింది? మచిలీపట్నంలో రాడార్ పెట్టారు. తుపాను షెల్టర్లు కట్టారు. 6 లక్షల మందికి పైగా జనాన్ని ముందే ఇళ్లు ఖాళీ చేయించారు.

ఇప్పుడు కబురు ఇంకా ముందే వస్తోంది. సెల్ ఫోనుకే వస్తోంది, తెలుగులోనే. మీరు చదవగలరు కదా! చదివి పక్కింటి ముసలమ్మకు కూడా చెప్పండి.

అయితే మరో చిక్కు వచ్చింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించిన పొగ భూమిని దుప్పటిలా కప్పింది. ఆ వేడిలో ఎక్కువ భాగం సముద్రమే తాగుతోంది. వేడి నీళ్లే తుపానుకు మేత. అందుకే మామూలు వాయుగుండం ఒక్క రోజులోనే పెనుతుపాను అయ్యే ప్రమాదం పెరిగింది. సముద్రం మట్టం కూడా పెరుగుతోంది. "రేపు చూద్దాంలే" అనుకునే వ్యవధి తగ్గిపోతోంది.

కబురు అందినా ఇల్లు కదలని ఆడవాళ్లు ఉంటారు. ఎందుకు కదలరు?

"మేకల్ని ఎవరు చూస్తారు?" అంటుంది ఒకామె.

"పట్టా కాగితాలు పెట్టెలో ఉన్నాయి" అంటుంది ఇంకొకామె.

"ఈడొచ్చిన పిల్లని అంతమందిలో ఎక్కడ పడుకోబెట్టను? అక్కడ దొడ్డి కూడా లేదు" అంటుంది మరో తల్లి.

ఇవి ఉత్త సాకులు కావు. ప్రతి మాటలోనూ నిజం ఉంది. గాలి మొదలయ్యాక వీటికి జవాబు దొరకదు. మే నెల రాకముందే ఒకసారి, అక్టోబరు రాకముందే ఒకసారి తేల్చుకోవాలి.

రేషన్ కార్డు, ఆధార్, పట్టా, బ్యాంకు పుస్తకం, సంఘం పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూతి కట్టండి. పైన మీ పేరు మీ చేత్తోనే రాయండి. పశువుల్ని ముందే మెరకకు తోలండి. వీలు కాకపోతే పలుపులు విప్పి వదిలెయ్యండి. గుంజకు కట్టేసిన గేదె ఈదలేదు. నెలలు నిండిన మనిషిని అందరికంటే ముందు ఆసుపత్రికి చేర్చాలి. అటుకులు, బెల్లం, మందులు, బ్యాటరీ లైటు, బిందెడు మంచినీళ్లు సిద్ధంగా ఉంచుకోండి.

పూరిల్లయితే కప్పు మీదుగా తాళ్లు వేసి గుంజలకు బిగించండి. ఇంటి మీదికి వాలిన కొమ్మలు కొట్టించండి. అంతమాత్రాన ఇంట్లోనే ఉండిపోవచ్చని అనుకోవద్దు. తాళ్లు గాలికి కొంత ఆగుతాయేమో గానీ, ఉప్పెనకు ఆగవు.

ఇంకొకటి. హోరుమనే గాలి ఒక్కసారిగా ఆగిపోతే బయటికి రావద్దు. అది తుపాను కన్ను. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.

మడ చెట్ల సంగతి కూడా ఆలోచించండి. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఉంటే అలల జోరు తగ్గుతుంది. 1999లో ఒడిశాలో పెనుతుపాను వచ్చినప్పుడు మడ అడవి చాటున ఉన్న ఊళ్లలో చావులు తక్కువ. వంటచెరకు కోసం ఆ చెట్లు నరకవద్దని సంఘంలో కట్టుబాటు చేసుకోవచ్చు.

ఇక షెల్టరు. ఆడవాళ్లకు వేరే గది, దొడ్డి, దీపం కావాలని గ్రామసభలో అడగండి. మగవాళ్లకు ఇది గుర్తుకు రాదు. మీరే అడగాలి.

రేపు వీలు చూసుకుని నలుగురూ కలిసి అటు వెళ్లి రండి. లోపల ఎరువు బస్తాలు ఉన్నాయేమో, తాళం తుప్పు పట్టిందేమో చూడండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. ఆ మనిషి ఊళ్లో లేకపోతే ఎవరు తీస్తారో కూడా అడగండి. ఆ ఇద్దరి పేర్లూ, 1070, 112 నంబర్లూ షెల్టరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి రండి.