పాత తుపాకీ కొనేముందు

నేను జిల్లా కలెక్టరేట్‌లో తుపాకుల లైసెన్సు ఫైళ్ళు చూసిన గుమాస్తాను. కాగితాలు తెలుసు గాని తుపాకీ తెలియదు.

1988లో అడవిపందులు మా బావమరిది మక్కచేను పాడుచేస్తుంటే, లైసెన్సు పట్టుకొని ఇద్దరం మొజంజాహీ మార్కెట్ దగ్గర బస్సు దిగాం. అబిడ్స్‌లో ఒక దుకాణంలో పాత 12 బోరు డబుల్ బారెల్ చూపించారు. నున్నటి కర్ర, మెరిసే గొట్టాలు! అడ్వాన్సు ఇవ్వబోయాను. మూల కూర్చున్న ముసలి మిస్త్రీ, "సాబ్, ముందు లోపల చూడండి" అన్నాడు. తెరిచి, తూటాల్లేవని చూసుకొని, వెలుతురుకు పట్టాం. ఒక గొట్టంలో ఉంగరంలాంటి నల్లని నీడ. అక్కడ ఉబ్బిందట; పేలిస్తే చెయ్యి పోవచ్చు. వేరేది కొన్నాం. నంబరు లైసెన్సుతో సరిచూడడం మాత్రం నా వంతు, అందులో నన్నెవరూ మోసగించలేరు!

కాల్చిన రోజే కడ్డీకి గుడ్డ చుట్టి తుడిచి, పలచగా నూనె రాయాలి. వానాకాలం తోలుసంచిలో ఉంచితే తుప్పే. లైసెన్సుంది కదాని పందిని కాల్చకూడదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి వేరే కావాలి.

బావమరిది 2019లో పోయాడు. తుపాకీ గుర్తుగా ఉంచుకుందామన్నారు పిల్లలు. లైసెన్సు ఆయనతోనే పోయిందని చెప్పి, పదోరోజు రాకముందే పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకున్నాం. మీ ఇళ్ళలో అలాంటిది ఉంటే, భోజనాలయ్యాక నన్ను కలవండి. దరఖాస్తు నేను రాసిపెడతాను.