పదిహేడో అక్షాంశం మీద ఒక సెలవు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఈసారి సర్వీసు కథలొద్దు సార్, మీరేదో కరీబియన్ దీవికి వెళ్ళొచ్చారట కదా, సరదాగా ఆ కబుర్లు చెప్పండి" అన్నారు. సరేనన్నాను. సరదా చాలావరకు ఉంది. చివర్లో మాత్రం ఒక చిన్న విన్నపం ఉంది. దానికోసమే ఒప్పుకున్నానని ముందే మనవి చేస్తున్నాను.

మేం ముగ్గురం కోరుకొండ సైనిక్ స్కూల్లో ఒకే తరగతి. ఒకడు ఆర్మీకి, ఒకడు ఎయిర్‌ఫోర్సుకి, నేను నేవీకి. 1976 ఏప్రిల్లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో మనవాళ్ళు 403 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి గెలిచారు. ఆ సిరీస్‌లోనే వివియన్ రిచర్డ్స్ మన బౌలర్లను ఉతికి ఆరేశాడు. ఈ రిచర్డ్స్‌ది ఏ ఊరో చూద్దామని ఆర్మీవాడు అట్లాస్ తెరిచాడు. ఆంటిగ్వా. కాకినాడ మీద వేలు పెట్టి, 17వ అక్షాంశం గీత పట్టుకుని పడమటికి పోతూ ఉంటే వేలు సరిగ్గా ఆ దీవి దక్షిణపు అంచుకి తగిలింది. "ఒరేయ్, మా ఊరి గీత మీదే ఉందిరా. ఎప్పటికైనా వెళ్ళాలి" అన్నాడు. వాడిది కాకినాడ.

ఆ 'ఎప్పటికైనా' సంగతి మనందరికీ తెలిసిందే. ముందు పోస్టింగులు. తర్వాత పిల్లల చదువులు. 2015లో రిటైరయ్యాక అమ్మాయి పెళ్ళి, ఆ తర్వాత ఇల్లు. గృహప్రవేశం కాగానే వెళ్దాం అన్నాడు. 2019లో గృహప్రవేశం అయిన మూడో నెలలో గుండెపోటుతో పోయాడు. కర్నల్‌గా రిటైరైన మనిషి, రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి.

కోవిడ్ కాలం గడిచాక ఎయిర్‌ఫోర్సు మిత్రుడు ఫోన్ చేశాడు. వాడి కొడుకు న్యూయార్క్ దగ్గర ఉంటాడు. "అక్కడిదాకా ఎలాగూ వెళ్తున్నాం, అక్కణ్ణుంచి ఆంటిగ్వాకి నాలుగు గంటలే. వెళ్దామా?" అన్నాడు. నేను సరేనన్నాను. పక్కనుంచి మా ఆవిడ, "మరి వదిన?" అంది. ఇద్దరం మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే మాకు ఆ ఆలోచనే రాలేదు. కర్నల్ లేడు కాబట్టి ఆవిడా లేనట్టే లెక్కేసుకున్నాం.

చెల్లెమ్మ మొదట రానంది. "ఆయన లేకుండా నేనెందుకు అన్నయ్యగారూ, మీ జంటల మధ్య పానకంలో పుడకలాగా. నలుగురూ ఏమనుకుంటారు?" అంది. మా ఆవిడ రెండువారాలు రోజూ ఫోన్ చేసి ఒప్పించింది. అలా 2024 ఫిబ్రవరిలో ఐదుగురం బయల్దేరాం. అది మంచి కాలం. అక్కడ తుఫాన్లు జూన్ నుంచి నవంబరు దాకా. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా తూర్పు నుంచి వ్యాపార పవనాలు కొలిచినట్టు వీస్తాయి. పడవల వాళ్ళకి అదే సీజను.

దీవి చిన్నది, 281 చదరపు కిలోమీటర్లు. జనం లక్షకి అటూ ఇటూగా ఉంటారు. రోజుకొకటి చొప్పున 365 బీచ్‌లున్నాయని వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. మేం లెక్కపెట్టలేదు. పడమటి వైపు నీళ్ళు చెరువులా ఉంటాయి. తూర్పున అట్లాంటిక్ పోటెత్తుతుంది. రోడ్ల పక్కన చింతచెట్లు, మామిడిచెట్లు చూసి ఆడవాళ్ళు ముగ్గురూ కార్లోంచే కేకలు పెట్టారు. మొక్కజొన్న పిండిలో బెండకాయ వేసి ముద్దలా వండే 'ఫుంజీ' అనే వంటకం వాళ్ళకు ముఖ్యమైనది. చూడ్డానికి అచ్చం మన సంకటే. మా ఆవిడ తెచ్చిన గోంగూర పచ్చడితో తింటే హోటలామె వింతగా చూసి, తనకీ కొంచెం పెట్టమంది.

ఎయిర్‌ఫోర్సు వాడి కోరిక మీద సెయింట్ జాన్స్‌లో పాత రిక్రియేషన్ గ్రౌండ్ చూశాం. 2002 మేలో అక్కడే కుంబ్లే విరిగిన దవడకి కట్టు కట్టుకుని బౌలింగ్‌కి దిగి లారాని ఔట్ చేశాడు. ఆ టెస్టులోనే మన హైదరాబాదీ లక్ష్మణ్ 130 కొట్టాడు. వాడు గ్రౌండుకి సెల్యూట్ చేసి వచ్చాడు.

ఇక నా సంగతి. నేవీవాణ్ణి కదా, ఇంగ్లిష్ హార్బర్‌లో ఉన్న నెల్సన్ డాక్‌యార్డ్ చూడకుండా ఉండలేను. 18వ శతాబ్దంలో బ్రిటిష్ నౌకాదళం కట్టుకున్న మరమ్మతుల రేవు అది. చుట్టూ కొండలు, సన్నటి మూతి, లోపల ఎంత తుఫానుకైనా చలించని నీళ్ళు. తెరచాప ఓడల్ని ఒడ్డుకి తెచ్చి, పెద్ద పెద్ద కాప్‌స్టన్‌లకు తాళ్ళు చుట్టి, మనుషులు తిప్పుతుంటే ఓడ పక్కకి ఒరిగేది. అప్పుడు అడుగు గీకి శుభ్రం చేసేవారు. మన కోరంగిలోనూ ఒకప్పుడు తెరచాప ఓడలు బాగుచేసేవారు. 1839 తుఫానులో ఆ రేవు దెబ్బతింది. ఇక్కడ ఇంగ్లిష్ హార్బర్‌ని 1889లో నౌకాదళం వదిలేసినా, వాళ్ళు మళ్ళీ బాగుచేసుకున్నారు. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇప్పుడూ అందులో పడవలు నిలుస్తున్నాయి.

మాకు చూపించిన గైడు పాతికేళ్ళ అమ్మాయి. నేను నెల్సన్ గురించి అడిగాను. "ఆయన ఇక్కడ 1784 నుంచి 1787 దాకా, మూడేళ్ళున్నాడు. ఈ రాళ్ళు మోసి కట్టినవాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. వాళ్ళ పేర్లు ఏ బోర్డు మీదా ఉండేవి కావు" అంది. 1744 మార్చి 8న ఆ డాక్‌యార్డులో జరిగిన పేలుడులో అలాంటి పనివాళ్ళు ఎనిమిదిమంది చనిపోయారట. వాళ్ళ పేర్లు ఈమధ్య కాలంలో పాత కాగితాల్లో వెతికి పట్టుకుని, ఇప్పుడు వాళ్ళని స్మరించుకుంటున్నారు. ఎనిమిది పేర్లూ ఆ అమ్మాయి కాగితం చూడకుండా అప్పజెప్పింది. మేం తలవంచుకుని నిలబడ్డాం. ఎందుకో చెల్లెమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

తర్వాత మూడు రోజులు పడవ. నలభై అడుగుల తెరచాప పడవ అద్దెకు తీసుకున్నాం. కెప్టెన్ ఆ దీవి ఆవిడే, ముప్పై ఏళ్ళుంటాయి. నేను ముందురోజు రాత్రే టైంటేబుల్ రాసి పెట్టాను. ఆరింటికి టీ, ఆరున్నరకి లంగరు ఎత్తడం, ఏడింటికి టిఫిను, ఎవరెవరు ఏ వాచ్ అనే వివరం. కెప్టెన్ అది చదివి, మడతపెట్టి టీ గిన్నె కింద పెట్టుకుంది. "గాలి చెప్తుంది, అప్పుడు వెళ్దాం" అంది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "ముప్పై మూడేళ్ళు చేశారు, ఇక్కడ కూడా డ్యూటీయేనా?" అంది. నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, యూనిఫాం తీసేసి తొమ్మిదేళ్ళయినా నాకు ఊరికే కూర్చోవడం రాదని తెలిసింది. మీలో చాలామందికీ రాదు. మీ ఇళ్ళలో అడగండి.

ఇంగ్లిష్ హార్బర్ నుంచి గ్రీన్ ఐలాండ్ తూర్పున ఉంది, దూరం పది మైళ్ళు. గాలికి ఎదురు కనుక అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ పోవాలి. విమానాలు నడిపి నడిపి జుట్టు నెరిసిన మా ఎయిర్‌ఫోర్సు వీరుడు అరగంటలో అల్లంముక్క నములుతూ అడ్డంగా పడుకున్నాడు. నేవీ మర్యాద దక్కిందని నేను లోపల సంతోషించాను. వెళ్ళేవాళ్ళు వాంతుల మాత్ర పడవ ఎక్కకముందే వేసుకోండి, ఎక్కాక వేస్తే లాభం లేదు.

గ్రీన్ ఐలాండ్ దాటి నాన్‌సచ్ బే లోకి వెళ్తే ఆశ్చర్యం. సముద్రానికి, మనకి మధ్య పగడపు దిబ్బ అడ్డం. అట్లాంటిక్ అలలు దిబ్బ మీదే విరిగిపోతాయి, గాలి మాత్రం లోపలికి వస్తుంది. కాకినాడ రేవుకి హోప్ ఐలాండ్ ఎలాగో, దానికి ఆ దిబ్బ అలాగ. చదునైన నీళ్ళు, నిలకడైన గాలి. చుక్కాని పట్టడం నేర్చుకునేవాళ్ళకి అంతకన్నా మంచిచోటు ఉండదు.

"ఎవరు నడుపుతారు?" అంది కెప్టెన్. నేను లేచాను. "మీరు కాదు. పొద్దుట్నుంచి మాట్లాడని ఆవిడ" అంది.

చెల్లెమ్మ నావల్ల కాదంది. కెప్టెన్ ఆవిడ చేతులు చక్రం మీద పెట్టించి, ఎదుటి కొండ మీద ఒక చెట్టు చూపించి, "దాని మీదకి పోనీ, చాలు" అని పక్కకి తప్పుకుంది. మొదట పడవ పాములా పోయింది. తర్వాత తెరచాప నిండింది, పడవ ఒరిగి కుదురుకుంది. దాదాపు నలభై నిమిషాలు నడిపింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, చెట్టు మీంచి చూపు తిప్పకుండా. మేమెవ్వరం మాట్లాడలేదు. చక్రం అప్పగించాక నీళ్ళు తాగి అంది: "ఆయన పోయాక అందరూ నన్ను కూర్చోబెట్టారు అన్నయ్యగారూ. కూర్చో, నువ్వేం చెయ్యకు, మేం చూసుకుంటాం అని. ఈ పని నువ్వు చెయ్యి అని అడిగినవాళ్ళు ఈవిడే."

ఆ రాత్రి అక్కడే లంగరు వేశాం. ఉత్తరాన ధ్రువనక్షత్రం చూపించాను. చెయ్యి చాచి పిడికిలి పెడితే సుమారు పది డిగ్రీలు, దాని మీద నాలుగు వేళ్ళు పెడితే ఇంకో ఏడు. పదిహేడు. "కాకినాడలో మీ డాబా మీంచి చూసినా ఇంతే ఎత్తులో ఉంటుందమ్మా" అన్నాను. ఆవిడా పిడికిలి పెట్టి కొలుచుకుంది. అప్పుడక్కడ రాత్రి ఎనిమిది, మనకి తెల్లవారి ఐదున్నర. కాకినాడలో ఉన్న కూతురికి ఫోన్ చేసి, "డాబా ఎక్కి ఉత్తరం వైపు చూడవే" అంది. ఎక్కిందో లేదో నాకు తెలీదు. తల్లీకూతుళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఇక విన్నపం. ఇంటికొచ్చాక, ఆవిడ కొత్త ఫోన్ నంబరు రాద్దామని మన సంఘం చిరునామాల పుస్తకం తీశాను. కర్నల్ పేరు మీద అడ్డంగా ఎర్ర గీత ఉంది. కింద ఆవిడ పేరు లేదు. 2019 తర్వాత ఉగాది ఆహ్వానం గానీ, బడాఖానా పిలుపు గానీ ఆ ఇంటికి వెళ్ళలేదు. ఎవరిదీ తప్పని అడక్కండి. అప్పుడు కార్యదర్శిని నేనే. ఆ గీత నా చేతిదే. దినకార్యానికి వెళ్ళాం, పెన్షన్ కాగితాలు దగ్గరుండి చేయించాం, తర్వాత గీత కొట్టేశాం. 280 ఏళ్ళ కిందటి పనివాళ్ళ పేర్లు ఆ దీవివాళ్ళు వెతికి తెచ్చుకుంటే, ఐదేళ్ళ కిందటి మన ఇంటి మనిషి పేరు నేను కొట్టేశాను.

ఆ పుస్తకంలో అలాంటి గీతలు పంతొమ్మిది లెక్కపెట్టాను. ప్రతి గీత పక్కన ఆ ఇల్లాలి పేరు, ఫోన్ నంబరు రాయించమని కమిటీని కోరుతున్నాను. ఆ పని నేనే చేస్తాను, ఇప్పటికి పదకొండు దొరికాయి. మిగతావి మీలో ఎవరికి తెలిసినా చెప్పండి. పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పడం ఒక్కటే చాలదు. ఏదైనా పని అప్పజెప్పండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి ఒక్క మాట. ఆంటిగ్వాయే వెళ్ళనక్కర్లేదు, భీమిలి చాలు. మిగిలిన లీవు ఈ ఏడే వాడుకోండి. వెళ్ళినచోట టైంటేబుల్ వెయ్యకండి.

చెల్లెమ్మ ఈరోజు సభకి వచ్చింది. వెనక, భోజనాల కౌంటరు దగ్గర కూపన్లు ఇస్తున్నది ఆవిడే. లైన్లో సరిగ్గా నిలబడండి, తేడా వస్తే ఊరుకోదు.

సెలవు. జై హింద్.