రాజా దీన్ దయాళ్ – ఛాయాచిత్ర జీవితము



రాజదర్బారుల వైభవమును వర్ణించిన కవులు మన దేశమున పెక్కుమంది కలరు. ఆ వైభవమును గాజు ఫలకముపై నిలిపి తరువాతి తరములకు అందించినవారిలో అగ్రగణ్యుడు రాజా దీన్ దయాళ్. వైస్రాయిలు, సంస్థానాధీశులు, విదేశ ప్రముఖులు ఆయన కెమెరా యెదుట కూర్చుండిరి. అట్టి కళావేత్త తొలుత ప్రభుత్వోద్యోగి యను సంగతి ఈ సభవారికి విశేషముగ తోపకమానదు.

ఆయన 1844లో మీరట్ సమీపమునందలి సర్ధనా పట్టణమున జైన కుటుంబమునందు జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరునందలి పబ్లిక్ వర్క్సు శాఖలో చేరెను. కట్టడముల పటములు గీయుట, ఖర్చుల అంచనాలు వేయుట ఆయన నిత్యకృత్యము. 1874 ప్రాంతమున ఛాయాగ్రహణమును అభ్యసింపసాగెను. మధ్యభారతమున గవర్నర్ జనరల్ ఏజెంటుగా నుండిన సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించెను. పిమ్మట ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట పర్యటించి ఆయన తీసిన ప్రాచీన కట్టడముల చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడెను.

ఆ కాలమున ఫోటో తీయుట నేటివలె సులభము కాదు. తడి ఫలకముల పద్ధతిలో గాజుపలకకు కొలోడియను పూసి, వెండి లవణపు ద్రావణమున ముంచి, అది ఆరకముందే చిత్రము తీసి కడుగవలెను. ప్రయాణములందు చీకటి గుడారము సైతము వెంట నుండవలెను. కూర్చున్నవారు కొన్ని క్షణములు కదలరాదు. 1880 తరువాత పొడి ఫలకములు వ్యాపించి శ్రమ తగ్గినను, వెలుతురును అంచనా కట్టుట చిత్రకారుని నేర్పుపైననే ఆధారపడియుండెను. అంచనాలు వేయుటలో ఆరితేరిన చేయి ఇచ్చట అక్కరకు వచ్చెననుట అతిశయోక్తి కాదు.

1880 దశకము నడుమ ఆయన జీవితమున పెద్ద మలుపు వచ్చెను. మొదట దీర్ఘకాలపు సెలవు తీసికొని, పిదప కొలువును విడిచెను. సంసారి నెలజీతపు భద్రతను వదలి, ఇంకను కొత్తదిగా నున్న విద్యను నమ్ముకొనుట సామాన్యమైన తెగువ కాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగ నియమించెను. 1886లో సికిందరాబాదునందును, 1896లో బొంబాయియందును స్టూడియోలు వెలసెను. 1894లో నిజాము ఆయనకు ‘రాజా’ బిరుదము నొసగెను. 1897లో విక్టోరియా రాణి గుర్తింపు లభించెను.

ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పరపురుషుని కెమెరా యెదుటికి రాజాలకుండిరి. వారికొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేక స్టూడియో నేర్పరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల స్త్రీకి అప్పగించెను. లోకమునకు ముఖము చూపని తల్లులు, కోడండ్రు తమ రూపములను తమ యింటివారికి మిగుల్చుకొను అవకాశము అందువలన కలిగెను. దర్బారు చిత్రములకంటె ఈ కార్యము చిన్నది కాదు.

1902లో వరంగల్లు ప్రాంతమున నెక్కొండ వేటకు వచ్చిన వైస్రాయి కర్జన్ దంపతుల చిత్రములు ఆయన స్టూడియో కీర్తిని చాటుచున్నవి. నిజాము రాజ్యమున కరవు పీడితుల సహాయక చర్యలను సైతము ఆ స్టూడియో చిత్రించెను. వేట విడిదియు, కరవు శిబిరమును ఒకే కాలమునకు రెండు ముఖములు.

ఆయన 1905లో మరణించెను. 1989లో నూతన ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివులను సేకరించెను. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మృతిచిహ్నముగా బిళ్ళను వెలువరించెను.

ఆ నాటి దర్బారు చిత్రములలో ప్రభువుల పేర్లు దొరకును. వెనుక వరుసలో నిలిచిన సేవకుల పేర్లు చాలవరకు దొరకవు. ముఖము మిగిలినను మనిషి యెవరో తెలియకుండుట చిత్రమునకు కలుగు పెద్దనష్టము. బదిలీలపై ఊరూరు తిరుగు ఉద్యోగుల యిండ్లలోని పెట్టెలయందును తాతముత్తాతల ఫోటోలు ఉండును. ఇంటి పెద్దలు గుర్తుపట్టగలిగినప్పుడే వాని వెనుక పేరు, ఊరు, సంవత్సరము వ్రాసియుంచుట మేలు. రాజాశ్రయము లేని ఆ ముఖములకు వేరొక ఆస్థానము లేదు.